బిగిసిన కొళాయి పిడి



చరిత్ర యనగానే మనకు రాజులు, రాయబారములు, కోటలు, ముట్టడులు జ్ఞప్తికి వచ్చును. నేనెన్నుకొన్న వస్తువు వానిలో నేదియు కాదు. స్నానపుగదిలోనో వంటయింటి తొట్టికడనో గోడనుండి ముక్కు చాచుకొని యుండు కొళాయి. అందులోను కొళాయి యంతయు గాదు, దాని నెత్తిమీది పిడి మాత్రమే. పది పదునైదేండ్లు దినదినము మన చేతిలో మెలగిన యీ పిడి, ఊడి రావలసిన నాడు రాదు. లోపలి వాషరు అరిగి బొట్టుబొట్టుగా నీరు కారుచుండును. వాషరు వెల స్వల్పము. మార్చుట పావుగంట పని. కాని పిడి తీయనిదే లోనికి దారి లేదు. ఇంటివారు పట్టుకారు తెత్తురు, పానా తెత్తురు, తుదకు సుత్తి తెత్తురు. పిడి రాదు సరిగదా, కాడయే విరిగి, బొట్టుగా కారుచున్నది ధారయై కూర్చుండును.

బొట్టు చిన్నదే. ఇరువది బొట్లు ఒక మిల్లీలీటరగునని, సెకండునకొక్క బొట్టు పడునని లెక్కకు తీసికొందము. దినమునకు 86,400 బొట్లు, అనగా నాలుగు లీటర్లకు పైమాట. మూడు నాళ్లలో నొక బిందె. ఏడాదికి 1,500 లీటర్లకు మించును. వేసవిలో నీటిబండికై వీధిపొడవునను బిందెలు వరుస తీర్చి నిలుచు ఊళ్లు మనకు కొల్లలు. కావున నిది నవ్వులాట విషయము గాదు.

పిడి మొండికెత్తుటకు తుప్పు కారణమని చెప్పి యూరకుందురు. అది సగము మాట. తక్కిన సగము చరిత్రలో నున్నది. పిడి కొళాయికి ఎప్పుడు అతుక్కొనెను, ఎందులకు అతుక్కొనెను, దానిని పట్టియుంచు మరమేకు ఎప్పుడు కంటికి మరుగయ్యెను అనునవి తెలిసినచో, తీయునుపాయము దానంతట అదే తోచును. బిగించినవాని యాలోచన యెరిగినవానికి విప్పుట కష్టము గాదు.

ముందుగా పేరు సంగతి. సర్కారు జిల్లాలవారు కొళాయి యందురు, కుళాయి యనియు వ్రాయుదురు. అరవమున గొట్టమునకు పేరైన కుళాయ్ శబ్దమునకు ఇది చుట్టము. తెలంగాణమువారు నల్లా యందురు. అది సంస్కృతమున గొట్టమును దెలుపు నాళ, నళికా శబ్దముల బంధువర్గములోనిది. హిందీ ఉర్దూల మీదుగా మనకు చేరినది. ఈ రెంటను గొట్టమే స్ఫురించును గాని మూతగాని పిడిగాని స్ఫురింపదు. ఏటినీరు గోడలోనుండి వచ్చుటయే మనవారికి వింత యయ్యెను. పిడి నెవరు లెక్కపెట్టిరి?

అట్లని నీటిని ఆపి విడుచు విద్య మనకు క్రొత్త గాదు. చెరువు తూముకడ రాతిస్తంభముల నడుమ నిలువుగా నొక కొయ్యకాడ యుండును. దాని క్రిందికొనను బిరడా యుండును. కాడ నెత్తిన నీరు కాలువకు పారును, దింపిన నాగును. దాని నెవరుబడిన వారు ఎత్తరాదు. రాయలసీమలో నీరుగంటి యనియు, తెలంగాణమున నీరటి యనియు పిలువబడువాడు అందులకు నియమింపబడిన వాడు. ఏ పొలమునకు ఎన్ని జాములు నీరు పారవలెనో వానికి తెలియును. కాడ యెవని చేతనున్నదో నీరు వాని చేత నున్నదన్న మాట. ఈ మాటను కొంచెము మనస్సున నుంచుకొనుడు. పిడి కథకంతకును ఇదియే మూలము.

ఇక రోమునగరమునకు పోవుదము. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమువాడైన విట్రూవియసు అను వాస్తుశాస్త్రజ్ఞుడు తన గ్రంథమున నీటిగొట్టములను గూర్చి వివరముగా వ్రాసెను. సీసపురేకును చుట్టి గొట్టము చేయువిధమును, రేకు వెడల్పును బట్టి గొట్టమునకు పేరిడువిధమును చెప్పెను. అంతటితో ఊరకుండక, సీసము ఆరోగ్యమునకు చెరుపు గావున మట్టిగొట్టములే మేలనియు చెప్పెను. రోమువా రామాట వినలేదు. క్రీ. శ. 97లో నగరపు నీటికాలువల యధికారిగా నియమింపబడిన ఫ్రాంటినసు ఈ విషయముపై నొక పుస్తకమునే రచించెను. అందు ఆయన పెట్టిన మొఱలలో పెక్కులు నేటి పురపాలక సంఘపు అధికారి పెట్టదగినవే. అనుమతి లేక గొట్టములు తగిలించువారు, ముద్రలేని వెడల్పుగొట్టములు పెట్టి యెక్కువ నీరు లాగుకొనువారు, వారికి తోడుపడు క్రిందియుద్యోగులు అప్పుడును గలరు.

ఆకాలపు కొళాయిలు క్రీ. శ. 79లో బూడిదక్రింద పూడిపోయిన పాంపీ నగరపు త్రవ్వకములలో దొరికినవి. కంచుతో పోసిన గుల్ల. అందులో నునుపుగా అరగదీసిన కంచు దిమ్మ. దిమ్మకు అడ్డముగా నొక రంధ్రము. రంధ్రము గొట్టమునకు సరిపడినప్పుడు నీరు పారును. పావుచుట్టు త్రిప్పిన ఆగును. గమనింపవలసినది దీని తల. అనేకముల తలలయందు చతురస్రమైన పల్లమొకటి యుండును. అందు ఇనుపకాడ దూర్చి త్రిప్పవలెను. పని తీరిన పిమ్మట కాడను తీసికొని పోవచ్చును. అనగా పిడి కొళాయికి అంటి యుండలేదు. తాళమునకు తాళపుచెవి యెట్లో కొళాయికి పిడి యట్లు వేరుగా నుండెను. దిమ్మ బిగిసిపోవునేమో గాని పిడి ఊడి రాదను బాధ ఆ రోమనునకు లేదు.

నడిమి శతాబ్దములను దాటిపోవుదము. పీపాలకు కొయ్యబిరడాలు, మఠములలో ఇత్తడి కొళాయిలు ఉండెను గాని, పద్ధతి రోమువారిదే. క్రొత్త మలుపు ఇంగ్లండులో వచ్చినది. లండనునగరమున 1613లో న్యూరివరు అను త్రవ్వుకాలువ నీటిని తెచ్చిన తరువాత నీటికంపెనీలు ఒకటొకటిగా వెలసెను. ఎల్ము చెట్టు మ్రానులను తొలిచి వీధులక్రింద గొట్టములుగా పరచిరి. ఆ కొయ్యగొట్టములు ఒత్తిడికి తాళవు, కీలుకీలున కారును. కావున నీటిని దినమంతయు విడువక, వీధి కింతసేపని, వారమున కిన్ని దినములని విడుచుచుండిరి. కంపెనీ సేవకుడొకడు పొడుగాటి ఇనుపచెవిని భుజాన వైచుకొని వచ్చి, వీధిలోని మూతను త్రిప్పి పోవును. వానికి టర్న్‌కాక్ అని పేరు. మన నీరుగంటికి తమ్ముడని చెప్పవచ్చును. కలవారి ఇండ్లలో తొట్లుండును, అవి నిండును. లేనివారు వీధిగొట్టముకడ బానలతో, బొక్కెనలతో పోట్లాడుకొందురు. ఇప్పుడును పిడి జనులది కాలేదు.

ఈ సందర్భమున వైద్యచరిత్రలోకెల్ల పేరుగన్న ఒక పిడిని తలపకుండుట న్యాయము గాదు. 1854 ఆగస్టు తుదిని లండనులోని సోహో ప్రాంతమున విషూచి చెలరేగి, బ్రాడ్‌స్ట్రీటు చుట్టుపట్ల పదిదినములలో ఐదువందలకు పైగా జనులను పొట్టనబెట్టుకొన్నది. డాక్టరు జాన్ స్నో ఇల్లిల్లు తిరిగి విచారించి, ఆ వీధి పంపునీరు త్రాగినవారికే రోగము సోకుచున్నదని కనుగొనెను. సెప్టెంబరు 7వ తేదీన స్థానిక సంఘమువారి యెదుట చెప్పెను. 8వ తేదీన వారు పంపు పిడిని ఊడదీయించిరి. అది చేతిపంపు పిడి గాని కొళాయి పిడి గాదు. పైగా అప్పటికే రోగము తగ్గుముఖము పట్టినదని స్నోయే యొప్పుకొనెను. అయినను పిడి తీయుట యనగా నేమో లోకమునకు తెలిసినది ఆ నాడే. అతని పేర నెలకొన్న సంఘమువారు ఏటేటి యుపన్యాసమునాడు పంపుపిడిని తీసి మరల తగిలించు తంతు జరుపుచుందురు. ఆ పిడి మాత్రము వారిని ఏనాడును ఏడిపించినట్లు లేదు.

ఇక అసలు మలుపు. 1831లో నాటింగ్‌హాము నగరమున థామసు హాక్స్‌లీ అను యువకుడైన ఇంజనీరు, ట్రెంటు నదీతీరమున నీటి కర్మాగారము కట్టి, ఇనుపగొట్టములలో నీటిని రాత్రింబవళ్లు ఒత్తిడితో నిలిపియుంచెను. ఎవరి యింటిలోవారు ఎప్పుడు త్రిప్పిన అప్పుడు నీరు. దీనితో టర్న్‌కాక్ చేతిలోని పిడి ఇంటి ఇల్లాలి చేతిలోనికి వచ్చినది. ఇంతటి మార్పునకు దండోరా వేసినవారు లేరు.

కాని చిక్కు వెంటనే తలయెత్తినది. ఎల్లప్పుడు ఒత్తిడి యున్నచోట రోమువారి దిమ్మకొళాయి నిలువదు. లోహముపై లోహము ఒరయుటచే కొంతకాలమునకు సందు పడును, రేయంతయు కారును. అంతకంటె ప్రమాదము మరియొకటి కలదు. పావుచుట్టుతో నీరు దభాలున ఆగును. గొట్టము పొడవునను పరుగెత్తి వచ్చుచున్న నీరు గోడకు గ్రుద్దుకొన్నట్లు తిరిగి కొట్టును. గొట్టములు దడదడలాడును, అతుకులు విచ్చును. నీటి సుత్తిపోటు అని ఇంజనీర్లు దీనికి పేరిడిరి. నీటికంపెనీలవారు ఎడతెగని సరఫరాకు ఒప్పుకొనకుండుటకు చెప్పిన కారణములలో ఈ వృథా యొకటి.

దీనికి మందు 1845లో యార్కుషైరులోని రాథరుహాము పట్టణమున గెస్టు అండ్ క్రైమ్సు అను ఇత్తడిపోతవారు కనిపెట్టి హక్కుపత్రము పొందిరి. దిమ్మను తీసివైచి, మర చుట్టిన కాడను పెట్టిరి. కాడ త్రిప్పినకొలది అది మెల్లమెల్లగా దిగి, కొనను ఉన్న మెత్తని బిళ్లను నీటిద్వారముపై నొత్తును. మూయుటకు పావుచుట్టు చాలదు; రెండు మూడు చుట్లు కావలెను. అందుచే నీరు నెమ్మదిగా ఆగును, సుత్తిపోటు లేదు. అరుగునది లోహము కాదు, మెత్తని బిళ్ల. అదియే వాషరు. అరిగిన బిళ్ల తీసి క్రొత్తది వేసిన కొళాయి మరల క్రొత్తది. మన యిండ్లలో ఇప్పటికిని కోట్లకొలదిగా నున్న మరకొళాయి ఇదియే. దీని వెనుక మరియిద్దరి శ్రమ కలదు. 1800 ప్రాంతమున హెన్రీ మాడ్‌స్లే మరలను సూక్ష్మముగా కోయు చిత్రికయంత్రమును సిద్ధపరచెను. 1841లో జోసెఫు విట్‌వర్తు మరపండ్ల కోణము ఇంత, పరిమాణము ఇంత యని దేశమంతటికి ఒక్కటే కొలత ప్రతిపాదించెను. మర చౌక గానిదే కొళాయి చౌక కాదు.

ఇచ్చట పిడి సంగతి చూడుడు. కాడను రెండు మూడు చుట్లు దినమునకు పదిమార్లు త్రిప్పవలసినప్పుడు, పిడిని వేరుగా దాచుకొనుట కుదరదు. కావున దానిని కాడ నెత్తిన శాశ్వతముగా బిగించిరి. వాషరు మార్చుట కొఱకు కాడ బయటికి రావలెను. కాడ బయటికి రావలెనన్న పైటోపీ విప్పవలెను. టోపీ విప్పవలెనన్న పిడి అడ్డము. అనగా పిడి తీయవలసిన యవసరము పుట్టినదియు, తీయుట కష్టమగుటకు మొదటి కారణము పుట్టినదియు ఒక్క కొళాయిలోనే, 1845లోనే.

ఇంగ్లండు పద్ధతి మనదేశమునకు త్వరలోనే వచ్చినది. బొంబాయికి 1860లో విహారు సరస్సు నీరు, కలకత్తాకు 1870లో పల్టా నీరు, మద్రాసుకు 1872లో ఎఱ్ఱకొండల చెరువు నీరు గొట్టములలో ప్రవహించెను. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామీద కట్టిన గండిపేట చెరువు, అనగా ఉస్మాన్‌సాగరు, 1920లో పూర్తియయ్యెను. వరద నాపుటకు కట్టిన కట్ట నగరమునకు త్రాగునీరయ్యెను. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడను నానుడి అందుండి పుట్టినదే.

అయితే కొళాయి మన యిండ్లలోనికి కాలుపెట్టినప్పుడు దానికి ఎదురైన ఆక్షేపణ ఇంజనీర్లు కలలో నెరుగనిది. వాషరు తోలుది. తోలు తగిలిన నీరు మడికి పనికివచ్చునా? పెక్కు ఇండ్లలో పనికిరాదనియే తేల్చిరి. వంటకు, దేవతార్చనకు బావినీరు. ఒళ్లు కడుగుకొనుటకు, అంట్లు తోముకొనుటకు కొళాయినీరు. తరువాత రబ్బరు వాషరు వచ్చుటతో వాదము క్రమముగా చల్లారినది. రబ్బరు శాస్త్రమునకు లోబడినదా లేదా యని విచారించినవారు తక్కువ. దూరపు బావినుండి నీరు తోడు చేతులకు విశ్రాంతి దొరకుటయే ఆ వాదమును ముగించినదని నా నమ్మకము.

పిడి రూపము మారిన తీరు ఇంకను చెప్పవలసియున్నది. తొలినాటి మరకొళాయికి అడ్డకఱ్ఱవంటి పిడియో, నాలుగు చేతుల పిడియో యుండెడిది. కాడతల చతురస్రము, పిడిరంధ్రము చతురస్రము, ప్రక్కనుండియో పైనుండియో ఒక చిన్న మరమేకు. అంతయు పైకి కనబడుచుండెను. బిగిసినను ఎచ్చట బిగిసినదో కన్ను చూపును. 1920వ సంవత్సరము తరువాతి దశాబ్దమున క్రోమియపు పూత వ్యాపించినది. తళతళలాడు కొళాయికి నెత్తిన మేకుతల కనబడుట అందము గాదని దానిపై బిళ్లమూత వేసిరి. చన్నీటికి నీలిచుక్క, వేన్నీటికి ఎఱ్ఱచుక్క దానిమీద పెట్టిరి. క్రిందినుండి గంటవలె దిగి టోపీని కప్పివేయు పిడులు వచ్చెను. కాడతలకు చతురస్రమునకు బదులు చుట్టును సన్నని పండ్లు కోసిరి. పిడిరంధ్రములోను అట్టి పండ్లే. పిడిని ఏ కోణమున నైనను కూర్చుండబెట్టుటకు అది సదుపాయము. కాని అన్ని పండ్లు ఉన్నచో తుప్పునకు అన్ని ఇండ్లు దొరకినట్లే.

లోహమును మారినది. 1929లో అమెరికాలో న్యూజెర్సీ జింకు కంపెనీవారు జమాక్ అను తుత్తునాగపు మిశ్రలోహమును వెలువరించిరి. అచ్చులో పోయుట తేలిక, వెల తక్కువ. పిడులు పెక్కులు తుత్తునాగపు మిశ్రమున వచ్చెను. లోపలి కాడ మాత్రము ఇత్తడియే. ఇత్తడి యందు రాగి యధికము. ఇప్పుడు 1800 సంవత్సరమునకు మరల పోవలయును. ఆ యేట వోల్టా యను ఇటలీదేశపు శాస్త్రవేత్త తుత్తునాగపు బిళ్లను రాగిబిళ్లను జతచేసి, నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్క పెట్టి, విద్యుత్ప్రవాహమును పుట్టించెను. మన కొళాయి నెత్తిన జరుగుచున్నది అదియే. తుత్తునాగపు పిడి, ఇత్తడి కాడ, నడుమ తడి. ఏండ్లతరబడి ఆ చిన్న ఘటము పనిచేసి తుత్తునాగమును తినివేయును. తిన్న లోహము తెల్లని పొడిగా మారి, మునుపటికంటె ఎక్కువ తావు నాక్రమించి, పండ్లసందులన్నిటిని మేకుకొట్టినట్లు నింపును.

దీనికి మనదేశపు కానుక మరియొకటి తోడగును. బోరుబావినీటిలో సున్నపుపాలు మెండు. కాడవెంట చెమ్మ పైకి ప్రాకి ఆరినప్పుడెల్ల ఒక పలుచని సున్నపుపొర మిగులును. ఏటికేడు పొరమీద పొర. నీళ్లు కాచు గంగాళపు టంచున కట్టు తెల్లని పెచ్చే యిదియు. కావున పిడిని పట్టియుంచునవి మూడు: దాగిన మేకు, లోహపు తుప్పు, సున్నపు పెచ్చు. ఈ మూటికి మూడు వేర్వేరు మందులు. సుత్తి ఈ మూటిలో దేనికిని మందు కాదు.

ముందు నీటితొట్టికడ మూత కట్టి, కొళాయిని తెరచి, గొట్టములోని నీటిని పోనీయవలెను. తొట్టి తూమున గుడ్డముక్క క్రుక్కవలెను. లేనిచో ఊడిన మేకు సూటిగా మురికికాలువకే పోవును. పిమ్మట బిళ్లమూతను పలుచని చాకుమొనతో అంచున లేపవలెను. కొన్ని మూతలు మరచుట్టుతో నుండును. వానిని చేతితో అప్రదక్షిణముగా త్రిప్పవలెను. లోపల మేకుతల కనబడును. దాని గాడిలోని మకిలి సూదితో గోకి, గాడికి సరిపడు స్క్రూడ్రైవరునే పెట్టవలెను. సరిపడనిది పెట్టి గాడి చెడగొట్టినచో పని పదింతలగును. మేకు కదలనిచో మొదట ప్రదక్షిణముగా, అనగా బిగియువైపునకే, వెండ్రుకవాసి త్రిప్పి చూడవలెను. తుప్పుపట్టు తెగుటకు ఏవైపు కదలినను ఒక్కటే. ఆపైన వదులువైపునకు త్రిప్పవచ్చును. ఒకటి రెండు బొట్లు కిరసనాయిలు వేసి గంటసేపు ఓపిక పట్టుటయు మంచిదే. ఇటీవలివారు ఇందులకు డబ్బాలో వచ్చు చిమ్మునూనెను వాడుచున్నారు. అందు ప్రసిద్ధమైన డబ్ల్యు. డి. 40 అనునది 1953లో అమెరికాలో క్షిపణుల లోహపు తొడుగునకు తుప్పు పట్టకుండ తయారైనది. అది కొళాయి పిడులకు దిగివచ్చుట పతనమా ఉన్నతియా యనునది నేను చెప్పజాలను. ఏ నూనెయైనను నీరు వచ్చు ముక్కులోనికి పోకుండ చూచుకొనవలెను.

మేకు వచ్చినను పిడి రాదు. ఇచ్చటనే జనులు కోపము తెచ్చుకొందురు. సున్నపు పెచ్చునకు పులుపు మందు. మనవారికి పులుపనగానే చింతపండు తోచును. ఇత్తడి బిందెలు దానితోనే కదా తోముట. చింతపండు లోహపు మకిలిని చక్కగా విడదీయును గాని, అందలి యామ్లము సున్నముతో కలసి నీట సులభముగా కరగని మరియొక పదార్థమగును. కావున సున్నమునకు నిమ్మరసమో వెనిగరో తగినది. గుడ్డను తడిపి పిడి మొదట చుట్టి అరగంటయో గంటయో యుంచి కడిగివేయవలెను. రాత్రియంతయు ఉంచినచో క్రోమియపు పూతయే పాడగును.

తుప్పునకు వేడి మందు. దీని మర్మము మన బండి వడ్రంగికి, కమ్మరికి తరతరములుగా తెలియును. చక్రమునకు ఇనుపపట్టా వేయునప్పుడు, పట్టాను పిడకలమంటలో ఎఱ్ఱగా కాల్చి, పెరిగిన దానిని చక్రముపై దించి, నీళ్లు చల్లుదురు; అది ముడుచుకొని చక్రమును పట్టుకొనును. మనము చేయవలసినది దీనికి తలక్రిందు. తుత్తునాగపు మిశ్రము ఇత్తడికంటె వేడికి ఎక్కువ పెరుగును. సలసల కాగిన నీటిని పిడిమీద మాత్రము సన్నధారగా పోసినచో, రంధ్రము కాడకంటె ముందుగా రవంత విప్పారును. గుడ్డతో పట్టుకొని, ఇటునటు కొద్దికొద్దిగా ఊపుచు నిట్టనిలువుగా పైకి లాగవలెను. ప్రక్కకు వంచి లాగినచో కాడ వంగును. పాత ఇత్తడికి మరియొక జబ్బు కలదు: నీరు అందలి తుత్తునాగమును లాగివేయగా మిగిలిన రాగి స్పంజివలె గుల్లయై, గులాబిరంగు తేరి, పెళుసగును. అట్టి కాడను పొడుగు పానాతో త్రిప్పిన పుల్లవలె విరుగును. ముసలికొళాయితో మర్యాదగా మెలగుమనుట అందులకే.

ఇంతటికిని లొంగని పిడికి, ఇంగ్లండు కొళాయి పనివారి యుపాయమొకటి కలదు. నాకు ఈ కథలో నెల్ల నచ్చినది అదియే. పై మేకును పూర్తిగా తీసివైచి, పిడిని మాత్రము ఉన్నచోటనే యుంచి, కొళాయిని పూర్తిగా తెరవవలెను. మరకొళాయిలో తెరచినప్పుడు కాడతోపాటు పిడి పైకి లేచును గదా. అట్లు లేచిన పిడికిని క్రింది కొళాయి యొడలికిని నడుమ ఏర్పడిన సందులో రెండువైపుల రెండు కొయ్యచెక్కలు సరిగా నిమిడ్చి నిలుపవలెను. ఇప్పుడు కొళాయిని మూయువైపునకు మెల్లగా త్రిప్పవలెను. కాడ మరవెంట క్రిందికి దిగును. పిడి దిగుదమన్న చెక్కలు దిగనీయవు. కాడ దిగుచు, పిడి నిలుచుటచే, రెండును తమంతట తామే విడిపోవును. లాగినవారెవరును లేరు. 1845లో నీటిని మెల్లగా ఆపుటకై పెట్టిన మరయే ఇన్నేండ్లకు పిడిని మెల్లగా ఊడదీయుచున్నది. అంగడిలో దొరకు రెండుకాళ్ల లాగుడుమరయు ఇదే సూత్రముపై పనిచేయును: కాళ్లు పిడి అడుగును పట్టుకొనును, నడిమి మర కాడతలను క్రిందికి నొక్కును.

ఈ చెక్కల యుపాయము పిడి లేచెడి కొళాయికే గాని, నేటి పావుచుట్టు కొళాయికి కుదరదు. 1970 తరువాతి కాలమున పింగాణి బిళ్లల కొళాయిలు వాడుకలోనికి వచ్చెను. అద్దమువలె నునుపుదేర్చిన రెండు పింగాణి బిళ్లలు ఒకదానిపై నొకటి జరుగును. రంధ్రములు కలిసిన నీరు, తప్పిన ఆపు. పాంపీవాడు చూచినచో తన కొళాయియే యనును. అందులో వాషరు లేదు; లోని గుండు మొత్తముగా మార్చవలెను. కాని ఆ గుండు తీయుటకును ముందు పిడి తీయవలసినదే. కాడపండ్లును, తుప్పును, సున్నమును అవియే.

2016లో తెలంగాణములో మొదలైన మిషన్ భగీరథ, 2019లో దేశమంతట మొదలైన జల జీవన్ మిషన్, బావిగట్టు తప్ప మరియొకటి యెరుగని పల్లెయిండ్లకు సైతము కొళాయిని చేర్చినవి. పట్టణమున పిలిచిన ప్లంబరు వచ్చును. పల్లెలో ఆరుకోసుల దూరమున నొక్కడుండును. కారుచున్న వీధికొళాయికి గుడ్డపీలిక కట్టి యూరకుండుట మనము ఎన్నిచోట్ల చూడలేదు? అచ్చటి పడుచువాండ్రకు ఈ చెక్కల మెలకువ నేర్పువారుండిన, ఆ పీలికలలో సగము ఊడిపోవును.

పిడి వచ్చిన పిమ్మట టోపీ విప్పి, వాషరు మార్చి, మరల కూర్చునప్పుడు తొందరపడవద్దు. కాడపండ్లను పాత పండ్లబురుసుతో తోమి, తెల్లపొడి పోవునట్లు తుడిచి, పండ్లమీదను మేకుచుట్టును కొంచెము తెల్లని వాసెలీను పూయవలెను. అది చెమ్మను చేరనీయదు. మేకును నిలుచునంతవరకే బిగించి, బిళ్లమూత నొక్కి, తొట్టికడి మూతను కొంచెము కొంచెముగా తెరువవలెను.